దిగిందంటే ఏది దిగింది

కృపావరం అన్న పేరు మగవాళ్లకూ పెడతారు, ఆడవాళ్లకూ పెడతారు. దొర్నిపాడు వైపు ఏ చర్చి రిజిస్టరు తిరగేసినా ఆ పేరుతో ఇద్దరు తాతలు, ఒక టీచరమ్మ, ఒక ట్రాక్టరు డ్రైవరు, ఇంకా పళ్లు రాని ఒక పసిబిడ్డ కనిపిస్తారు. ఆడ మగ తేడా చూపని భాష కావాలని ఇప్పుడు ఊరూరా సదస్సులు పెడుతున్నారు గానీ, ఆ పనిలో కొంత భాగం పాస్టర్లు ఏనాడో చేసి పెట్టారు. అది ఉద్యమమని వాళ్లకు తెలియదు. పేర్లకు కరువొచ్చిందనుకున్నారు.

మనం చెప్పుకునే కృపావరం ఆడమనిషి. ఇరవై ఎనిమిదేళ్లు. ఆళ్లగడ్డ దగ్గర కరెంటు లైన్‌మన్. తండ్రి స్టీఫెన్ కూడా లైన్‌మనే. ముప్ఫై ఏళ్లు స్తంభాలెక్కి దిగిన మనిషి, ఒకరోజు ఇంట్లో టీవీ ముందు కుర్చీలో కూర్చుని వార్తలు చూస్తూ గుండె ఆగి పోయాడు. సర్వీసులో ఉండగా పోయాడు గనుక కూతురికి ఉద్యోగమిచ్చారు. అటెండరు పోస్టు అన్నారు. ఫ్యాను కింద పని, ఫైళ్లు ఈ బల్ల మీది నుంచి ఆ బల్ల మీదికి మోయడం, మధ్యలో టీ. ఆమె నంద్యాలలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, లైను పనే కావాలంది. ఆఫీసులో నవ్వాపుకుని, సరే స్తంభం ఎక్కి చూపించమన్నారు. ఎక్కింది. పైన బోల్టు బిగించి దిగింది. అదే రోజు పరీక్షకు వచ్చిన ముగ్గురు మగవాళ్లలో ఇద్దరు సగంలో స్తంభాన్ని కౌగిలించుకుని ఉండిపోయారు. వాళ్లను దించడానికి ఇంకో ఇద్దరు ఎక్కాల్సి వచ్చింది.

ఆర్డరు కాగితం మీద ‘శ్రీ కె. కృపావరం’ అని వచ్చింది. స్తంభాలెక్కే ఉద్యోగం, పేరు చూస్తే ఎటూ తేలదు, గుమాస్తా ఎటో ఒకవైపు తేల్చేశాడు. ఆమె దిద్దమని అర్జీ పెట్టింది. రెండున్నరేళ్లకు దిద్దుబాటు వచ్చింది: ‘శ్రీమతి కె. కృపావరం’. ఆమెకు పెళ్లి కాలేదు. ఇంకో అర్జీ పెట్టడం కన్నా పెళ్లి చేసుకోవడమే తొందరగా అయ్యే పని అని వాళ్లమ్మ ఆదెమ్మ సలహా ఇచ్చింది.

జనానికి ఈ ఇబ్బంది కాగితం మీద కాదు, ఫోన్లో వచ్చేది. మోటారు ఆగిపోయిన రైతు ఫోన్ చేస్తాడు. లైన్‌మన్ యాడుండాడు అంటాడు. నేనే అంటుంది. నువ్వు కాదు తల్లీ, లైన్‌మన్‌కు ఇయ్యి ఫోను అంటాడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేది. తర్వాత ఒక ప్రశ్న తయారు చేసుకుంది.

“నీకు కరెంటు కావల్లనా, మగోడు కావల్లనా?”

రైతు కాసేపు ఆలోచించి కరెంటే కావాలనేవాడు. మోటారు తిరిగాక ఆ ఆలోచన కూడా మరిచిపోయేవాడు. అట్లా మూడేళ్లలో ఆమెకు చాలా పేర్లు వచ్చాయి. కరెంటమ్మ, లైనమ్మ, ఫ్యూజు పాప, స్టీఫెను కూతురు. రోడ్డు పక్క షెడ్లలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు మిషన్లు ఆగినప్పుడల్లా ‘లైన్‌మన్ అక్కా’ అని పిలిచేవారు. ఆ పిలుపులో ఉన్న వైరుధ్యం మీద విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనా పత్రం రాయవచ్చు. ఆమె మాత్రం అన్నిటికీ పలికేది. తనను తాను లైన్‌మన్ అనే చెప్పుకునేది.

ఆమె పనికి ఇంకో ఇద్దరు మనుషులు ముడిపడి ఉన్నారు. ఒకడు తిమోతి, హెల్పరు. యాభై ఆరేళ్లు. స్టీఫెన్‌తో పాతికేళ్లు పనిచేశాడు. కృపావరాన్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపిన మనిషి. ఆమె పెద్దనాయనా అంటుంది. ఆమె స్తంభం మీద ఉంటే ఆయన కింద తాడు పట్టుకుని ఉంటాడు.

రెండోవాడు హుస్సేన్ వలి, సబ్‌స్టేషన్ ఆపరేటరు. ఆ సబ్‌స్టేషన్ ఏ ఊరిదో ఇక్కడ అనవసరం. మనిషి నెమ్మది. పుస్తకంలో ఆయన రాసిన అంకెలు అచ్చువేసినట్టుంటాయి. ఎవరైనా లైను మీద పని చేయాలంటే ముందు ఆయనకు చెప్పాలి. ఆయన ఆ లైనుకు కరెంటు ఆపి, పుస్తకంలో టైము రాసి, ఇక ఎక్కవచ్చు అంటాడు. దాన్నే లైన్ క్లియర్ అంటారు. పని అయ్యాక, లైన్ క్లియర్ తీసుకున్న మనిషే ఫోన్ చేసి దిగానని చెప్పాలి. అప్పుడు ఆయన మళ్లీ కరెంటు ఇస్తాడు. ఇది రూలు. రూలు కనుక గోడ మీద ఉంటుంది.

పని వేరే రకంగా నడిచేది. రైతులు సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి తొందర పెడతారు, హుస్సేన్ వలి తనే ఫోన్ చేసి కనుక్కుంటాడు. మగ లైన్‌మన్లయితే నేరుగా వాళ్లకే చేసేవాడు. కృపావరానికి మాత్రం చేయడు. తిమోతికి చేసి, దిగిందా అని అడుగుతాడు. పరాయి ఆడపిల్లకు రోజుకు నాలుగు తూర్లు ఫోన్ చేస్తే ఏం బాగుంటుందని ఆయన పద్ధతి. ఈ పద్ధతిని సెక్షన్‌లో అందరూ మెచ్చుకున్నారు. ఆదెమ్మ కూడా మెచ్చుకుంది. మర్యాద వల్ల మనిషి ప్రాణం పోవచ్చునని మర్యాదస్తులకు తోచదు కదా.

రెండేళ్ల కిందట జూలైలో ఒకరోజు పొద్దున. ముందురోజు గాలికి మోటార్ల లైను మీద ఒక స్తంభంపై పింగాణి ఇన్సులేటరు పగిలింది. వరి మడి గట్టున ఉన్న స్తంభం. కృపావరం లైన్ క్లియర్ తీసుకుని ఎక్కింది. ఎక్కగానే తీగలకు ఎర్తు రాడ్లు తగిలించింది. పొరపాటున కరెంటు వచ్చినా అది మనిషిలోకి కాకుండా భూమిలోకి పోవడానికి వాడే రాడ్లు. చాలామంది మగ లైన్‌మన్లు వాటిని తగిలించరు, టైము దండగంటారు. ఆడదానికి భయమెక్కువ గనుక తగిలిస్తుందని ఆమె మీద జోకులుండేవి. పగిలిన పింగాణి విప్పి, తాడుకు కట్టి కిందికి వదిలింది. తిమోతి తాడు మెల్లగా వదులుతున్నాడు. పింగాణి బురదలో ఆనింది. సరిగ్గా అప్పుడే తిమోతి ఫోన్ మోగింది.

హుస్సేన్ వలి అడిగాడు. “దిగిందాప్పా?”

తిమోతి చెప్పాడు. “ఆఁ, ఇప్పుడే దిగింది.”

హుస్సేన్ వలి టైము రాశాడు. పది యాభై రెండు. స్విచ్ వేశాడు.

స్తంభం మీద పెద్ద పేలుడు, తెల్లటి మంట. ఎర్తు రాడ్ల మీదుగా కరెంటు భూమిలోకి దూకింది, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తనంతట తాను పడిపోయింది. అంతా కన్ను మూసి తెరిచేలోగా. బెల్టుకు వేలాడుతూ కృపావరం ఉంది. ఎడమ చేతి మీద వెంట్రుకలు మాడాయి, ఒక చెవి మధ్యాహ్నం దాకా వినపడలేదు. మెల్లగా, ఒక్కో అడుగే చూసుకుని దిగింది. తిమోతి బురదలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“పెద్దనాయనా, ఏం దిగిందని చెప్తివి?” అని అడిగింది.

“పింగాణి దిగింది పాపా,” అన్నాడు.

విచారణ జరిగింది. అసిస్టెంట్ ఇంజనీరు వాణి జీపులో వచ్చింది. ఇద్దరి వాంగ్మూలాలూ తీసుకుంది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకాయన కృపావరం దిగిందా అని అడిగాడు. ఇంకొకాయన పింగాణి దిగిందని చెప్పాడు. రెండు వాక్యాల్లోనూ క్రియ ఒకటే. ఒక్క అక్షరం తేడా లేదు. అబద్ధం లేని చోట తప్పెవరిదో తేల్చడం ఆఫీసుకు అలవాటు లేని పని. అందుకని ‘సమాచార లోపం’ అని రాసి, ఇకపై సిబ్బంది జాగ్రత్తగా ఉండవలెను అని ముగించారు. సిబ్బంది జాగ్రత్తగా ఆ కాగితం మీద సంతకాలు పెట్టారు.

లోపం సమాచారంలో లేదు, వ్యాకరణంలో ఉంది. తెలుగులో మగవాడు ‘దిగినాడు’. మిగతా సృష్టి అంతా ‘దిగింది’. గేదె, బకెట్టు, జ్వరం, ఆడమనిషి. పాత వ్యాకరణాలు మగవాళ్లను మహత్తులన్నాయి, తక్కినవాటిని అమహత్తులని ఒక మూట కట్టాయి. విచిత్రమేమిటంటే ఆడవాళ్లు ఇద్దరైతే మళ్లీ మనుషులవుతారు. ‘దిగినారు’ అంటాం. ఒంటరిగా ఉన్నంతసేపే బకెట్టు సరసన. ఇంత భాషలో అందరినీ ఒకే కంటితో చూసే మాట ఒక్కటుంది: లేదు. వాడు దిగలేదు, ఆమె దిగలేదు, వారు దిగలేదు, పింగాణి దిగలేదు. కాదనేటప్పుడు మాత్రం మనకు సమానత్వం లోటు లేదు. స్టీఫెన్ ముప్ఫై ఏళ్లు ఎక్కి దిగినా ఈ గొడవ రాకపోవడానికి ఆయన జాగ్రత్త కారణం కాదు. ‘దిగినాడా’ అంటే పింగాణి గురించి అడిగారని ఎవరూ అనుకోరు.

కృపావరానికి మహత్తులూ అమహత్తులూ తెలియవు. ఆమెకు విషయం వేరే రకంగా తెలిసింది. విచారణ రోజున తిమోతి ఫోన్లో హుస్సేన్ వలికి చెబుతున్నాడు: మేడమ్ జీపు దిగినారు, నువ్వు గూడా బేగా రా. ఆమె విని, అక్కడే నిలబడిపోయింది. వాణి కూడా ఒక్కతే. ఆడదే. కృపావరం కంటే రెండేళ్లు చిన్నది. ఆమె జీపు దిగితే ‘దిగినారు’. కృపావరం కరెంటు స్తంభం దిగితే ‘దిగింది’. జీపు నుంచి దిగేటప్పుడు పొరపాటు జరిగితే మహా అయితే చీర అంచు చినుగుతుంది. వాణికి బహువచనం ఉంది. ఎవరికి ప్రాణావసరమో వాళ్లకు లేదు. వ్యాకరణంలో ఆడ మగ తేడా ఉందనడం సగం నిజమే. జీతం తేడా కూడా ఉంది, కులం తేడా కూడా ఉంది. తెలుగువాళ్లం ఆ సంగతి నోటితో చెప్పం, క్రియ చివర చెబుతాం.

మర్నాడు తిమోతిని అడిగింది. లైను దగ్గర మట్టుకు తనను ‘దిగినారు’ అనమంది. ఇంటి దగ్గర ఏమన్నా సరేనంది. ఆయనకు కోపం రాలేదు, సిగ్గేసింది.

“నిన్ను సంకనేసుకొని తిప్పినోన్ని పాపా. నీకు ‘రు’ అనాలంటే నోరు తిరగదు.”

“నోరు తిరగకుంటే నేను సస్తా గదా పెద్దనాయనా.”

“అట్లనకు. ఇంగ సూసి చెప్తాలే.”

చూసి చెప్పడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మొన్న కూడా చూసే చెప్పాడు. హుస్సేన్ వలి అయితే ఏమనడానికైనా సిద్ధంగానే ఉన్నాడు. స్విచ్ వేసిన చేయి ఆయనది. మా ఉర్దూలో అయితే కుర్చీ గూడా ఆడదే, ఇంకా అన్యాయం అని ఆమెకు ఓదార్పుగా చెప్పాడు. అడిగేది నేను, ‘దిగినారా’ అనే అడుగుతా, చెప్పేవాడు తిమోతన్న గదా అన్నాడు. ఆ ‘గదా’ దగ్గర అందరూ ఆగిపోయారు.

కృపావరం తెల్లకాగితం మీద అర్జీ రాసింది. లైను మీద ఉన్న ఆడ సిబ్బంది గురించి ఫోన్లో ‘దిగింది’ అనకుండా ‘దిగినారు’ అనేటట్టు ఉత్తర్వు ఇవ్వండి, లేకపోతే వస్తువులకూ మనిషికీ తేడా తెలియడం లేదు. నాలుగు వరుసలు. వాణి దాన్ని నంద్యాలలో పెద్దాఫీసుకు పంపింది. అక్కడ ఆ కాగితం ఫైలైంది, ఫైలుకు ‘మహిళా సిబ్బంది: భాషాపరమైన వివక్ష’ అని పేరు పెట్టారు. ఒకసారి పేరు పెట్టాక దాన్ని ఉత్తర్వుతో వదిలిపెడితే ఏం గౌరవం? సదస్సు పెట్టారు. ‘లింగ సమ్మిళిత భాష: రేపటి వెలుగు’. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఒక అమ్మాయి నవ్వుతూ బల్బు పట్టుకుని ఉంది. ఆ బల్బుకు తీగ లేదు.

ముఖ్య అతిథి ఉమామహేశ్వరమ్మ. తెలుగు శాఖలో పనిచేసి రిటైరయింది. పట్టు చీర, గట్టి గొంతు, ప్రగతి పట్ల నిజమైన ప్రేమ. లైన్‌మన్ అన్న మాటలో పురుషాధిక్యం ఉందని మొదలుపెట్టింది. హాల్లో అందరూ తలలూపారు. రెండున్నర గంటలు ఆ మాటకు ప్రత్యామ్నాయం వెతికారు. లైన్‌ఉమన్ అని ఒకాయన అన్నాడు. ఉమన్‌లో కూడా మన్ దాక్కుని ఉన్నాడని ఆమె పట్టేసింది. లైన్‌పర్సన్ అంటే పర భాష. తంత్రీసేవిక అంటే సేవలో దాస్యం వాసన, పైగా ‘ఇక’ స్త్రీలింగం. చివరికి విద్యుత్ మిత్ర దగ్గర తేలింది. సంధి చేయకుండా వదిలేయడం ఆమె వల్ల కాలేదు. ‘విద్యున్మిత్ర’. చప్పట్లు.

కృపావరాన్ని పిలిచి శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

“పేరు ఏదన్నా పెట్టుకోండి మేడమ్. లైన్‌మన్ అన్నా పలుకుతా,” అంది. “నేను పైన ఉండంగా కింద ‘దిగింది’ అంటాండారు. అది ఒకటి మార్చండి. ‘దిగినారు’ అనమనండి.”

ఉమామహేశ్వరమ్మ జాలిగా చూసింది. ‘రు’ అనేది గౌరవం కాదమ్మా, భూస్వామ్య అవశేషం అంది. ఒకరికి ‘రు’, ఒకరికి ‘డు’, ఒకరికి ‘ది’, ఇదొక నిచ్చెన. మనం నిచ్చెనను కూలదోయాలి గాని ఎక్కకూడదు. ఎక్కడమే ఉద్యోగమైన మనిషితో ఆ మాట అంటున్నానని ఆమె గమనించలేదు. ఊపులో ఇంకొక అడుగు ముందుకు వేసింది.

“నన్నడిగితే మగవాళ్లను కూడా ‘దిగింది’ అనే అందాం. రాముడు దిగింది, రహీము దిగింది. అప్పుడే నిజమైన సమానత్వం.”

ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. చివరి వరుసలో లైన్‌మన్లు కూర్చున్నారు, అలవాటుగా వాళ్లూ కొట్టారు. వాళ్లలో ఎలీషా అనే ఆయనకు మాత్రం మాట నెమ్మదిగా తలకెక్కింది. లేచి నిలబడ్డాడు.

“అంటే మేడమ్, ఇంగ అందరం సస్తామా?”

ఆ ప్రశ్న సభ నియమాలకు విరుద్ధమని కూర్చోబెట్టారు. ఒక పెద్ద అధికారి మాత్రం సమస్యను సరిగ్గా అర్థం చేసుకున్నాడు. ఆడవాళ్లు ఇద్దరుంటే బహువచనం దానంతట అదే వస్తుంది గనుక ఇంకొక అమ్మాయిని నియమిస్తే సరిపోతుందన్నాడు. పోస్టు మంజూరు కాలేదని పక్కనున్నాయన గుర్తు చేశాడు. టమోటా బాత్, పెరుగన్నం పెట్టారు. తీర్మానాల ప్రతి రెండు నెలలకు ఆళ్లగడ్డ చేరింది. తొమ్మిది తీర్మానాలు. క్రియ గురించి ఒక్కటి లేదు. దానితో పాటు చొక్కాకు తగిలించుకునే గుండ్రటి రేకు బ్యాడ్జీ వచ్చింది. అచ్చువేసినవాడికి ఆ సంయుక్తాక్షరం కొరుకుడు పడలేదు. ‘విద్యున్మూత్ర’ అని వేశాడు. కృపావరం ఒక్కరోజు పెట్టుకుంది. షెడ్ల దగ్గర శిల్పులు చదివారు. వాళ్లు అక్షరాలు చెక్కే మనుషులు, తప్పు వాళ్ల కన్ను దాటిపోదు. రెండో రోజు నుంచి ఆ బ్యాడ్జీ టూల్ బ్యాగు అడుగున స్క్రూలకు గిన్నె అయింది.

సదస్సు వల్ల ఒక మేలు జరిగింది. తిమోతికి పట్టుదల వచ్చింది. నంద్యాల దాకా పోయి అంతమంది ముందు ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది, తాను ఒక్క మాట అనలేడా అనుకున్నాడు. ఇంట్లో గొడ్ల దగ్గర నిలబడి అభ్యాసం చేశాడట. సదస్సు జరిగిన వారమే దొర్నిపాడు రోడ్డులో పని పడింది. కృపావరం దిగింది. ఫోన్ మోగింది. దిగినారాప్పా అని హుస్సేన్ వలి ఒప్పుకున్న ప్రకారమే అడిగాడు. తిమోతి గొంతు సవరించుకున్నాడు. ‘ది’ అనకూడదు. ‘రు’ రావడం లేదు. మధ్యలో ఏది దొరికితే అది పట్టుకున్నాడు.

“దిగినాడు,” అన్నాడు.

అంటే చేతుల్లో పెరిగిన పిల్లను గౌరవించడం కన్నా ఆమెను మగవాణ్ని చేయడమే ఆయన నాలుకకు తేలికైంది. సదస్సులో రెండున్నర గంటల్లో తేలని సంగతి ఈ ఒక్క క్రియలో తేలింది. అవతల హుస్సేన్ వలి స్విచ్ మీది చేయి వెనక్కి తీసుకున్నాడు. దిగినాడంటే ఎవుడు? ఇంకొకడు కూడా ఎక్కినాడా? వాడు దిగితే పాప పైనే ఉందా? ఎవుడప్పా అని అడిగాడు. కృపావరమే అని తిమోతి. మరి ‘నాడు’ అంటావేంది అని హుస్సేన్ వలి. కృపావరం ఫోన్ ఇమ్మంటే, తానే తేలుస్తానని తిమోతి ఇవ్వలేదు. ఇట్లా ముప్పావు గంట నడిచింది. ఆయన కరెంటు ఇవ్వలేదు. చివరికి మోటారు సైకిల్ వేసుకుని స్తంభం దాకా వచ్చి, కృపావరాన్ని కళ్లతో చూసి, వెనక్కి పోయి స్విచ్ వేశాడు. ఆ ముప్పావు గంటలో గేటు దగ్గర రైతులు అన్నవి ఏ భాషలోనూ సమ్మిళితం కావు.

మర్నాడు పొద్దున్నే కృపావరం సబ్‌స్టేషన్‌కు పోయింది. పని లేదు, ఊరికే పోలేదు. ఆయన బల్ల ముందు నిలబడింది.

“అన్నా, నాకు ఫోన్ చెయ్.”

హుస్సేన్ వలి పుస్తకంలోకి చూశాడు. “ఆడపిల్ల ఫోనుకు దినామూ నా నంబరు పోతే ఊర్లో ఏమనుకుంటారు పాపా.”

“నేను సచ్చిపోతే ఏమనుకుంటారు?”

ఆమె చెప్పింది. పెద్దనాయన ‘రు’ అనలేడు. ‘డు’ అంటే నీకు అర్థం కాదు. ‘ది’ అంటే నేనుండను. ఇక తన గురించి ఎవరూ ఏమీ చెప్పొద్దు, తనే చెబుతుంది.

“నా నోటితో ‘దిగినా’ అంటా. నా గొంతు ఇంటేనే స్విచ్ ఎయ్యి. ఇంగెవరు చెప్పినా ఎయ్యొద్దు.”

‘దిగినా’. నేను దిగినా. అందులో ఆడ లేదు, మగ లేదు, పింగాణి అసలే లేదు. ఏ ఇన్సులేటరూ తన గురించి తాను చెప్పుకోలేదు. తెలుగులో లింగం అంటని చోటు ఇదొకటుందని, ఉమామహేశ్వరమ్మ నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పింది. అయితే వ్యాకరణం దానికి ఉత్తమ పురుష అని పేరు పెట్టింది. పేర్లు వెతికే సభలో అది కనబడకపోవడం సహజం. వేదిక మీద ఉన్నవాళ్లంతా ఆ రోజంతా కృపావరం గురించి మాట్లాడారు. కృపావరం మాట్లాడితే సరిపోయేదని తోచలేదు.

హుస్సేన్ వలి ఇంట్లో ఒక మాట చెప్పి చేస్తానన్నాడు. ఆయన భార్య రుక్సానా జాకెట్లు కుడుతుంది. విషయం విని మిషను ఆపిందట. మనిషి బతికుందా లేదా అని ఇన్నాళ్లూ ఆ మనిషిని అడగకుండా పక్కోణ్ని అడుగుతుంటివా అని తిట్టి, మళ్లీ మిషను తొక్కిందట. ఊళ్లో ఏమనుకుంటారో అన్న భయం ఆ తిట్టుతో సగం తగ్గింది.

మూడు రోజులకు చాగలమర్రి వైపు మిరప చేలో ఒక తీగ అతుకు వదిలింది. కృపావరం లైన్ క్లియర్ తీసుకుని ఎక్కింది. గట్టు మీద నలుగురు రైతులు. తిమోతి కింద తాడు పట్టుకుని ఉన్నాడు, జేబులో ఫోన్ మోగలేదు. ఆయనకు అది చిన్నతనంగా ఉంది. రెండుసార్లు ఫోన్ తీసి సిగ్నల్ ఉందా అని చూసుకున్నాడు. ఆమె అతుకు వేసి, ఎర్తు రాడ్లు తీసి, దిగి, గ్లోవ్స్ విప్పి, తన ఫోన్ తీసింది.

“అన్నా, దిగినా.”

అవతల హుస్సేన్ వలి. ఒకసారి చేయి కాలిన మనిషి. ఒక్క ముక్కతో నమ్మే స్థితిలో లేడు.

“ఎవరు దిగినారు?” అని అడిగాడు.

‘ఎవరు’ అన్నాక తెలుగులో ఇంకో దారి లేదు. ‘రు’ అనాల్సిందే. ఎవరో తెలియనంతసేపు మన భాష ప్రతి మనిషికీ గౌరవం ఇస్తుంది. తెలిశాకే తగ్గిస్తుంది.

“నేను, కృపావరం.”

“పైన ఇంగెవరన్నా ఉండారా?”

“ఎవరూ లేరు. రాడ్లు తీసినా. ఇయ్యన్నా.”

గట్టు మీద రైతులు తిమోతి వైపు చూశారు. నన్నడిగితే చెప్పనా అని ఆయన తాడు చుట్టుకుంటూ గొణిగాడు. చేలో మోటారు ఒకసారి దగ్గి అందుకుంది.

సాయంత్రం ఆమె సంతకం పెట్టడానికి సబ్‌స్టేషన్‌కు పోయింది. హుస్సేన్ వలి పుస్తకం తిప్పి ఆమె వైపు పెట్టాడు. అచ్చువేసినట్టున్న అక్షరాల్లో ఉంది: ‘11.40. లైను మీద ఎవరూ లేరని కృపావరం స్వయంగా ఫోన్ చేసి చెప్పింది.’ ఆమె ఆ వరుస చివరి దాకా చదివింది. చివరి మాట ‘చెప్పింది’ దగ్గర ఆగింది. ఆయన కూడా ఆ మాట చూసుకున్నాడు, పెన్ను మూత తీసి కొట్టివేతకు సిద్ధమయ్యాడు. ఆమె అక్కర్లేదని పెన్ను తీసుకుని కింద సంతకం పెట్టింది. స్విచ్ వేశాక రాసుకునే మాట అది. దానితో ఎవరికీ షాక్ కొట్టదు.